మా తమ్ముడి కోసం నిలబడిన అందరికీ కృతజ్ఞతలు

మా తమ్ముడు ఈ సోమవారం నుంచి మళ్లీ డ్యూటీకి వెళ్తున్నాడు. ఇన్ని నెలలుగా వాడి గురించి అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

వాడికి వచ్చింది క్రోన్స్ వ్యాధి. ఐబీడీ అనే పేగు వాపు జబ్బుల్లో ఒకటి. గ్యాస్ ట్రబుల్ కాదు, పేగు పనితీరు మాత్రమే గాడి తప్పే ఐబీఎస్ కూడా కాదు. ఐబీఎస్‌లో పేగుకు పుండ్లు పడవు. ఐబీడీలో మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పేగు మీద తిరగబడి, వాపు ఏళ్ల తరబడి ఉంటుంది.

ముందుగా మా వీధిలోని అక్కకు దండం పెట్టాలి. ఆవిడకు చాలా కాలంగా అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. అది ఐబీడీలో రెండో రకం. మలద్వారానికి కాస్త పైన ఉండే పెద్దపేగు చివరి భాగంలో మొదలై, మధ్యలో ఎక్కడా ఖాళీ వదలకుండా పెద్దపేగులో పైకి పాకుతుంది. పేగు లోపలి పొర దాటి లోతుకు వెళ్లదు. రక్తం, జిగట పడుతుంటే మొదట్లో మొలలు అనుకుని మందులు వాడారట. ఇప్పుడు పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలతో కుదురుగా ఉన్నారు. అవే మాత్రలు తమ్ముడికీ వేయమని మా చుట్టాలు పట్టుబడితే ఆవిడే ఆపారు. "నా జబ్బు నాది, వాడిది వేరే కావచ్చు. ముందు కొలనోస్కోపీ చేయించండి" అన్నారు. అంటే కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష.

నిజంగానే వేరే. వాడికి రక్తం పెద్దగా పడలేదు. పొట్ట కుడివైపు కింద నొప్పి, జ్వరం, మనిషి సన్నబడిపోవడం. ఆ పరీక్షలో కనిపించింది చిన్నపేగు చివర పుండ్లు, మధ్యమధ్యలో బాగున్న పేగు. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. పేగు గోడ మందమంతా పట్టుకుంటుంది కాబట్టి పేగు ఇరుకైపోవడం, ఫిస్టులాలు (పేగు నుంచి పక్క అవయవాలకో చర్మానికో దారులు) పడటం దీనిలోనే ఎక్కువ.

మా గ్యాస్ట్రో డాక్టర్ గారికి ఏం చెప్పినా తక్కువే. సరిగ్గా అదే చోట టీబీ కూడా వస్తుంది, చూడటానికి ఒకేలా ఉంటుంది. టీబీ ఉన్న మనిషికి దాని మందులు లేకుండా, వాపు తగ్గించే స్టెరాయిడ్లు ఒక్కటే ఇస్తే అది విజృంభిస్తుంది. అందుకే పేగు నుంచి తీసిన బయాప్సీ ముక్కలు టీబీ పరీక్షకు పంపి, ఛాతీ కూడా చూసి, అనుమానం తీరాకే స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. ఆ రిపోర్టులు వచ్చేదాకా మాకు ఒకటే టెన్షన్. ఓపీ నిండా జనం ఉన్నా, కాగితం మీద పేగు బొమ్మ గీసి మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పారు. ఆపరేషన్ సంగతి అమ్మే అడిగింది. అక్కకున్న అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగు మొత్తం తీసేస్తే పేగులో జబ్బు పోతుందట, క్రోన్స్‌లో కోసి కలిపిన చోటే మళ్లీ రావచ్చట. సిగరెట్ క్రోన్స్‌ను ముదిరేలా చేస్తుందని కూడా గట్టిగా చెప్పారు. తమ్ముడు మానేశాడు.

హిమోగ్లోబిన్ పడిపోయినప్పుడు రక్తం ఇచ్చిన వాడి స్నేహితులకు, రాత్రిళ్లు విసుక్కోకుండా చూసుకున్న వార్డు సిస్టర్లకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. వాడి సూపర్‌వైజర్ గారు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా బాత్రూమ్‌కు దగ్గరగా సీటు మార్చారు. ఆ సాయం విలువ ఈ జబ్బు ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

తమ్ముడు ఇప్పుడు రోగనిరోధక శక్తిని అదుపులో ఉంచే అజాథయోప్రిన్ వాడుతున్నాడు, రక్త పరీక్షలు క్రమం తప్పకుండా చేయిస్తున్నాం. మీ ఇంట్లో ఎవరికైనా వారాల తరబడి విరేచనాలు, రక్తం, బరువు తగ్గడం ఉంటే మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకురాకండి. మెసేజ్ పెట్టండి, డాక్టర్ దగ్గరికి తోడు వస్తాను. ఎవరికి భయంగా ఉన్నా తాను మాట్లాడతానని అక్క కూడా చెప్పారు.