పిల్లలు ఐరోపాలో తిరుగుతున్నారన్న ఫిర్యాదుపై

సంపాదకులు గారికి,

నమస్కారం. విదేశాల్లో చదివే పిల్లల ఖర్చుల గురించి ఇటీవల మీ పాఠకుల లేఖల శీర్షికలో ఒక తండ్రిగారు రాసిన ఉత్తరం చదివాను. ఇల్లు తాకట్టు పెట్టి జర్మనీకి పంపిన కొడుకు ఒక్కోసారి ఒక్కో ఊరి నుంచి ఫొటోలు పెడుతున్నాడనీ, చదువుకోమని పంపితే షికార్లు కొడుతున్నాడనీ ఆయన బాధపడ్డారు. జర్మనీ పశ్చిమ సరిహద్దులోని ఆఖెన్ నగరంలో మెకానికల్ ఇంజినీరింగ్ మాస్టర్స్ చేసి వచ్చి, ఇప్పుడు విశాఖలోనే ఉద్యోగం చేసుకుంటున్న నాకు ఆయన ఆందోళన అర్థమవుతుంది. అప్పు తీర్చవలసింది ఆయనే గనుక ఆ మాట అనే హక్కు కూడా ఆయనకు ఉంది. అయితే తిరుగుడును చదువుకు శత్రువుగా చూపిన తీరుతో మాత్రం నేను ఏకీభవించలేను. నేను చూసినంతలో అక్కడ దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమంది గది దాటి బయటికి రానివాళ్లే.

ముందుగా ఫొటోల సంగతి. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో శీతాకాల సెమిస్టర్ అక్టోబరులో, వేసవి సెమిస్టర్ ఏప్రిల్‌లో మొదలవుతాయి. మొదటిదాని పాఠాలు ఫిబ్రవరి తొలి వారాల్లోనూ, రెండోదాని పాఠాలు జులైలోనూ ముగుస్తాయి. ఆ తర్వాత పరీక్షలు, వాటి మధ్య ఖాళీ రోజులు వస్తాయి. అందువల్ల మార్చిలో కుర్రాడు ప్రాగ్ నగరపు వంతెన మీద నిలబడి ఫొటో పెడితే మన కాలేజీల క్యాలెండరు ప్రకారం క్లాసు ఎగ్గొట్టినట్టు కనిపిస్తుంది గానీ, ఆ నెలలో అక్కడ క్లాసులే ఉండవు. అంతమాత్రాన చదువు తేలికని కాదు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక పరీక్ష రాయడానికి మూడు అవకాశాలే ఇస్తారు; మూడోసారి కూడా తప్పితే ఆ కోర్సులో కొనసాగే వీలే పోతుంది. మన దగ్గరిలా బ్యాక్‌లాగ్‌లు మోసుకుంటూ చివరి ఏడాది దాకా నెట్టుకురావడం కుదరదు కాబట్టి, పరీక్షల వారంలో ఊళ్లు తిరిగేవాడు అక్కడ అరుదు.

ఇక ఖర్చు. వీసాకు ముందు ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేయించి, నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే తీసుకోనిస్తారని ఆ తండ్రిగారికి తెలిసే ఉంటుంది. ఆ డబ్బులోనే అద్దె, తిండి, ఆరోగ్య బీమా గడవాలి. మరి ప్రయాణాలు ఎలా సాధ్యమంటే, దేశమంతటికీ ఒకే నెలవారీ టికెట్ ఉండటం వల్ల. 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఆ డాయిచ్‌లాండ్ టికెట్ ధర 2026 జనవరి నుంచి 63 యూరోలు అయింది. అనేక విశ్వవిద్యాలయాల విద్యార్థులకు అది పూర్తి ధరలో 60 శాతానికే, సెమిస్టర్ రుసుములో కలిసి వస్తుంది. ఐసీఈ వంటి దూరప్రాంత రైళ్లు తప్ప దేశంలోని ప్రాంతీయ రైళ్లు, మెట్రోలు, ట్రామ్‌లు, సిటీ బస్సులు దానితో ఎక్కవచ్చు. సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ స్టేషన్ వరకు కూడా వెళ్లవచ్చు. అంటే ఫొటోలోని ఊరు ఎంత దూరమైనా, దానికైన బండి ఖర్చు చాలాసార్లు అప్పటికే కట్టేసిన రుసుములోనిదే. జర్మనీ సహా ఐరోపా ఆర్థిక మండలి దేశాల్లో నివసించే 26 ఏళ్లలోపు వారికి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. పౌరసత్వంతో పని లేదు, నివాసం చాలు. మా మిత్రబృందంలో సగం మందికి ఆ సంగతి తెలియక టికెట్ కొనబోయారు కూడా.

దూరాల విషయంలోనూ మన అంచనాలు అక్కడ పనికిరావు. విశాఖ నుంచి అరకు వెళ్లాలంటే రైల్లో సీట్లు ఉన్నాయో లేదో మనం ముందే చూసుకుంటాం. ఆఖెన్‌లో సిటీ బస్సు ఎక్కితే నెదర్లాండ్స్‌లోని ఫాల్స్ పట్టణంలో దిగుతాం. అక్కడి నుంచి నడిచి ఎక్కగలిగే గుట్ట మీద జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం కలిసే చోట ఒక రాయి ఉంటుంది. 322 మీటర్ల ఆ గుట్టే నెదర్లాండ్స్ ప్రధాన భూభాగంలో ఎత్తయినదని చెప్పినప్పుడు తూర్పు కనుమలు చూస్తూ పెరిగిన మాకు నవ్వాగలేదు. ఆదివారం మధ్యాహ్నం అక్కడికి వెళ్లివచ్చినవాడు మూడు దేశాలు తిరిగాడన్నది నిజమే, ఖర్చుపెట్టింది కాఫీకేనన్నదీ నిజమే. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ గ్రామం వద్ద, మోజెల్ నదిలోని పడవపై తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తివేయడానికి ఐదు దేశాలు సంతకాలు చేసిన ఒప్పందం ఇప్పుడు 29 దేశాలకు విస్తరించింది. వాటిలో ఒక దేశపు నివాస అనుమతి ఉన్న విద్యార్థి మిగతా వాటిలో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు వేరే వీసా లేకుండా ఉండవచ్చు. బ్రిటన్, ఐర్లాండ్ ఇందులో లేవు. సరిహద్దుల్లో తనిఖీలు మళ్లీ పెరిగాయి కనుక పక్క ఊరికే గదా అని పాస్‌పోర్టు, నివాస కార్డు గదిలో వదిలి వెళ్లకూడదు.

తిరగడాన్ని నేర్చుకోవడంలో భాగంగా చూడటం ఆ దేశంలో పాత ఆచారమే. వడ్రంగం, తాపీ పని వంటి వృత్తులు నేర్చినవారిలో కొందరు ఇప్పటికీ నల్లని దుస్తులు, వెడల్పు అంచుల టోపీ ధరించి మూడేళ్ల ఒక రోజు పాటు ఊరూరా తిరిగి పని చేస్తారు. ఆ కాలంలో సొంతూరికి 50 కిలోమీటర్ల లోపలికి రాకూడదన్నది వారి నియమం. పిల్లలను కాలినడకన ఊళ్లు తిప్పే రిచర్డ్ షిర్మన్ అనే బడి మాస్టారికి, వాళ్లు రాత్రి తలదాచుకోవడానికి చవక వసతి ఉండాలని 1909లో తట్టిన ఆలోచనే నేటి యూత్ హాస్టళ్లకు మూలం. విద్యార్థులు కొంతకాలం మరో ఐరోపా దేశంలో చదివేందుకు 1987లో మొదలైన ఎరాస్మస్ పథకం సరేసరి. మన విద్యార్థులు కూడా పోటీపడే ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్‌లోనైతే కనీసం రెండు దేశాల్లో చదవాలన్నది నిబంధనే.

అసలు చెప్పదలచుకున్నది ఇక్కడి నుంచి. మన వైపు నుంచి వెళ్లేవారు చాలామంది బయలుదేరక ముందే వాట్సాప్ గ్రూపుల్లో పరిచయమై, ముగ్గురో నలుగురో కలిసి ఇల్లు తీసుకుంటారు. గదుల కొరత ఉన్న నగరాల్లో అంతకన్నా మార్గం లేదు, మొదటి నెలల్లో ఆ తోడు నిజంగా అవసరం కూడా. చిక్కంతా ఆ ఏర్పాటు చదువు పూర్తయ్యేదాకా అలాగే ఉండిపోవడంలో ఉంది. పాఠాలు ఇంగ్లీషులో, ఇంట్లో మాటలు తెలుగులో, పార్ట్‌టైమ్ పని చేసే గోదాములో పక్కవాళ్లు కూడా మనవాళ్లే. మరిక జర్మన్ ఎవరితో మాట్లాడాలి? చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలల నివాస అనుమతి ఇస్తారు. ఆ నెలల్లో ఇంటర్వ్యూకు పిలిచిన కంపెనీవారు మంచి మార్కులు చూసి సంతోషించి, ఆ తర్వాత ప్రశ్నలు జర్మన్‌లోకి మారిస్తే నోరు పెగలక వెనుదిరిగినవారు నాకు తెలుసు. వాళ్లెవరూ ఎక్కడా తిరిగినవాళ్లు కారు. తండ్రి డబ్బు వృథా చేయకూడదని గదిలోనే ఉండి చదువుకున్నవాళ్లు.

చలికాలం గురించి ఇక్కడి పెద్దలకు సరిగా తెలియదు. డిసెంబరులో బెర్లిన్‌లో నాలుగు గంటలకే పొద్దు గుంకుతుంది. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. ఆ రోజు విశ్రాంతికి రాజ్యాంగంలోనే రక్షణ ఉంది. విశాఖలో రాత్రి తొమ్మిదైతే అక్కడ సాయంత్రం నాలుగున్నర. అమ్మానాన్నలు ఫోను పెట్టేసి పడుకునే వేళకు అక్కడ చీకటి మొదలై, ముందు ఇంకా సుదీర్ఘమైన సాయంత్రం మిగిలి ఉంటుంది. దాన్ని ఎవరితో గడుపుతాడన్నది ఏ తల్లిదండ్రులైనా అడగదగిన ప్రశ్న. విద్యార్థుల సంక్షేమ సంస్థలు మానసిక సలహా సేవలు సాధారణంగా ఉచితంగానే అందిస్తాయి గానీ, అవి ఉన్నాయని చెప్పే మనిషి ముందు పరిచయం కావాలి కదా!

పరిచయాలు అవంతట అవి కలగవు. విద్యార్థి హాస్టల్‌లోని ఉమ్మడి వంటగది, అక్కడ గోడకు అంటించిన శుభ్రం చేసే వంతుల పట్టిక, విశ్వవిద్యాలయ క్రీడా విభాగంలో తక్కువ రుసుముకు దొరికే వాలీబాల్, బ్యాడ్మింటన్ తరగతులు, ఒకరికి ఇంగ్లీషు నేర్పి బదులుగా జర్మన్ నేర్చుకునే జోడీలు, ఇవీ ప్రవేశద్వారాలు. అక్కడివారు ఒక సాయంత్రం కలవాలన్నా వారాల ముందే డైరీలో రాసుకుంటారు, ఏడంటే ఏడింటికే తలుపు తడతారు. ఇది మొదట ముభావంగా తోస్తుంది. ఏడుగురు సభ్యులుంటే ఒక సంఘాన్ని చట్టప్రకారం నమోదు చేయించుకోవచ్చు. మన ఉగాదిని అలాంటి సంఘం పేరిట చేసి, అపార్ట్‌మెంట్‌లోని జర్మన్ కుటుంబాలను కూడా పిలిచి పులిహోర పెట్టిన ఏడాది, అంతకుముందు పలకరించని ముసలాయన ఒకరు మా సైకిళ్లకు బాగుచేసే పనిముట్లు అరువిచ్చారు. మద్యం ముట్టకపోతే వాళ్లలో కలవలేరన్న భయం మన ఇళ్లలో ఉంది. ఎవరూ బలవంతపెట్టరు, మద్యం లేని పానీయాలు ప్రతి విందులోనూ ఉంటాయి, విశ్వవిద్యాలయ క్యాంటీన్లలో శాకాహారమూ ఉంటుంది. కూతుళ్ల విషయంలో ఈ అనుమానాలన్నీ రెట్టింపవడం మాత్రం నాకు న్యాయంగా కనిపించదు. అన్నయ్య పారిస్ ఫొటోకు లైకు కొట్టిన ఇంట్లోనే చెల్లెలి ఫొటోపై విచారణ జరుగుతుంది.

వచ్చే అక్టోబరు సెమిస్టర్‌కు మన నగరం నుంచి మరో బృందం బయలుదేరుతోంది. ద్వారకానగర్‌లోని కన్సల్టెన్సీల సదస్సుల్లో వీసా, బ్యాంకు రుణం, విద్యార్థుల పార్ట్‌టైమ్ పనికి ఏడాదికి 140 పూర్తి పనిదినాల పరిమితి, వీటి గురించే చెబుతారు. భాష ఎక్కడ నేర్చుకోవాలి, టికెట్ లేకుండా దొరికితే 60 యూరోల జరిమానా, జబ్బు చేస్తే ఎవరికి ఫోన్ చేయాలి, హాస్టల్ గది కోసం ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి వంటివి వెళ్లివచ్చినవాళ్లే చెప్పాలి. మీ విద్యా పేజీలో నెలకొకసారైనా ఇందుకు కొంత చోటిస్తే, విశాఖలో ఉన్న పూర్వ విద్యార్థులం రాసి పంపడానికి సిద్ధంగా ఉన్నాము. ఆ తండ్రిగారికి కూడా నాదొక విన్నపం. ఈసారి ఫొటో వచ్చినప్పుడు, పక్కన నిలబడ్డ మిత్రుడు ఏ దేశంవాడో, వాళ్లిద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటారో అబ్బాయిని అడిగి చూడండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పూర్వ విద్యార్థి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.