వార్షిక నివేదిక 2025: ఉగాది, బతుకమ్మ, మధ్యలో ఆంటీ జాక్

ఆస్ట్రేలియాలోని మన వుల్లంగాంగ్ తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ నివేదికను పూర్తిగా చదివేవాళ్లు తక్కువని తెలుసు కాబట్టి ముఖ్యమైన సంగతి ముందే చెప్పేస్తున్నా: సభ్యత్వ రుసుం పెంచడం లేదు. ఆదాయ వ్యయాల పట్టిక కోశాధికారి గారు విడిగా మెయిల్ చేశారు, అనుమానాలు ఉంటే ఆయన్నే అడగండి, నన్ను కాదు.

జనవరిలో సంక్రాంతి ఎప్పటిలాగే జరిగింది. ఇక్కడ అది నడి ఎండాకాలం, బయట మంట పెట్టే ప్రశ్నే లేదు కాబట్టి భోగి మంట లేకుండానే పిల్లలకి భోగిపళ్లు పోశాం. విశ్వావసు ఉగాది మార్చి 30న. పచ్చడికి వేపపువ్వు ఎండబెట్టింది సిడ్నీ నుంచి తెప్పించాం, మామిడికాయ ఫ్రీజర్‌లోది, చేదు మాత్రం అసలైనదే. హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి బస్సు వేశాం. బొగ్గు గనుల ఊళ్లో కొండ మీద వెంకన్న గుడి ఏమిటని కొత్తగా వచ్చిన పిల్లలు ప్రతిసారీ అడుగుతారు, స్వామి అక్కడ 1985 నుంచి ఉన్నాడు, మనలో చాలామంది కంటే ముందే వచ్చాడు. బతుకమ్మకి తంగేడు దొరకదు, దొరికిన పూలతోనే పేర్చారు, చూడముచ్చటగా కుదిరింది. తెలుగు తరగతులు నడుస్తున్నాయి, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు పిల్లల్ని దించేసి బీచ్‌కి వెళ్లిపోతున్నారు, ఎవరో వాళ్లకి తెలుసు.

ఇక ఈ ఏడాది మనవాళ్లందరూ మాట్లాడుకున్నది ఇవేవీ కాదు కాబట్టి మిగతా నివేదికంతా దాని గురించే రాస్తున్నా.

మార్చి మొదట్లో ఒక శనివారం హాల్ బుకింగ్ దగ్గర తికమక జరిగి, మన తెలుగు తరగతికీ, అదే హాల్‌లో కలుసుకునే స్థానిక వృద్ధుల బృందానికీ ఒకే సమయం ఇచ్చారు. వాళ్లు ఆ రోజు ఆస్ట్రేలియాలో రంగుల టీవీ వచ్చి 50 ఏళ్లయిన సందర్భంగా పాత ఏబీసీ (ఇక్కడి ప్రభుత్వ చానెల్) కార్యక్రమాలు పెద్ద తెర మీద చూడాలని ఏర్పాటు చేసుకున్నారు. మేము వెనక్కి వెళ్లిపోదామని చెప్పులేసుకుంటుంటే ఒక పెద్దావిడ ఆపి, కూర్చోండి, ఇది మీ ఊరి సంగతే, అంది. మీ ఊరు అంటే వుల్లంగాంగ్ అని ఒక్క క్షణం తర్వాత గానీ మాకు వెలగలేదు. సరే అని పిల్లలతో సహా కూర్చున్నాం.

అలా మనవాళ్లకి ఆంటీ జాక్ పరిచయమైంది. తెలియనివాళ్ల కోసం: ఇది 1972, 73లలో ఏబీసీలో వచ్చిన హాస్య కార్యక్రమం. ఆంటీ జాక్ అంటే గ్రేమ్ బాండ్ అనే నటుడు, ఆర్కిటెక్చర్ చదివి ఇందులో పడ్డాడు. మీసాలతోనే, గుడారం లాంటి వెల్వెట్ గౌను తొడిగి, ఫుట్‌బాల్ సాక్సులు, బూట్లు, కుడిచేతికి బంగారు రంగు బాక్సింగ్ గ్లవ్, హార్లీ డేవిడ్‌సన్ బైకు. నచ్చనివాడు కనబడితే నీ చేతులు పీకి పారేస్తా అని అరుస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ మాటకి మధ్యలో చిన్న తిట్టు కూడా ఉంటుంది, అప్పట్లో ఇళ్లలో కూర్చుని చూసేవాళ్లు దాని మీద ఏబీసీకి తెగ ఫిర్యాదులు చేశారట. పక్కన థిన్ ఆర్థర్‌గా రోరీ ఓడొనహ్యూ, కిడ్ ఈగర్‌గా గ్యారీ మెక్‌డొనాల్డ్. మన తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి రాముడి కథ మధ్యలో దూరి నోటికొచ్చింది వాగి పోతారు చూడండి, అచ్చం ఆ వరస. నాకైతే అందుకే వెంటనే దగ్గరగా అనిపించింది, ఐదు నిమిషాల్లో పరాయితనం పోయింది.

పిల్లలు పడీపడీ నవ్వింది రంగుల టీవీ ముక్కకి. 1975 మార్చి 1న దేశమంతా అధికారికంగా రంగుల టీవీ మొదలవ్వాలి, ఏబీసీ వాళ్లు మిగతా చానెళ్ల కంటే ముందుండాలని ఫిబ్రవరి 28 అర్ధరాత్రికి మూడు నిమిషాల ముందే ఆంటీ జాక్‌ని దింపేశారు. రంగుల భూతం వచ్చేస్తోందని నలుపు తెలుపు మనుషులు హడలిపోతుంటే రంగు మెల్లగా తెరను ఆక్రమించేస్తుంది. పుట్టినప్పటి నుంచి ఫోన్‌లో అన్నీ రంగుల్లోనే చూసిన పిల్లలకి అది ఎందుకంత పెద్ద విషయమో చెప్పడానికి మా నాన్న కాలంలో ఊరికొక టీవీ అంటూ మొదలుపెట్టాను, ఎవరూ వినలేదు.

మన ఊరితో దీనికి సంబంధం ఏమిటంటే, రెండో సిరీస్‌లో గ్యారీ మెక్‌డొనాల్డ్ నార్మన్ గన్‌స్టన్ అనే ఒక స్థానిక టీవీ రిపోర్టర్ వేషం వేశాడు. వుల్లంగాంగ్‌లో ఈ వారం విశేషాలు చెప్పేవాడన్నమాట, తలకి అడ్డంగా దువ్విన నాలుగు వెంట్రుకలు, గడ్డం గీసుకుంటూ కోసుకున్న చోటల్లా అతికించిన టిష్యూ ముక్కలు. ఊళ్లో విశేషాలేమీ ఉండవు, అదే హాస్యం. తర్వాత 1974, 75ల్లో ఊరి పేరు పెట్టే ‘వుల్లంగాంగ్ ద బ్రేవ్’ అని కొన్ని భాగాలు వచ్చాయి. ఆ పైన గన్‌స్టన్‌కి సొంత షో. 1975 నవంబర్ 11న రాణి ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ కెర్ ప్రధాని విట్లమ్‌ని పదవి నుంచి తీసేసిన రోజు, దేశం అట్టుడుకుతుంటే, కాన్‌బెరాలో పార్లమెంటు మెట్ల మీద మైకు పట్టుకుని నిలబడ్డవాళ్లలో ఈ టిష్యూ ముక్కల మొహం కూడా ఉంది. మరుసటి ఏడాది గోల్డ్ లోగీ అవార్డు (ఇక్కడి టీవీలో అన్నిటికంటే పెద్దది) నటుడికి కాదు, పాత్రకే ఇచ్చారు. వుల్లంగాంగ్ నుంచి వచ్చిన వెర్రిబాగులవాడు దేశానికి ముద్దుబిడ్డ అయిపోయాడు.

ఆట అయ్యాక టీ దగ్గర అసలు సినిమా మొదలైంది. మన సభ్యుల్లో ఒకాయన (విశాఖ ఉక్కునగరంలో పుట్టి పెరిగినాయన, ఎవరో మీకు తెలుసు) సూటిగా అడిగేశాడు: సిడ్నీ కుర్రాళ్లు వచ్చి మీ ఊరిని ఎగతాళి చేస్తే మీకు ఒళ్లు మండలేదా అని. ఫిగ్‌ట్రీలో ఉండే ఒక పెద్దాయన, పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరైనాయన, చెప్పింది ఇది. టీవీలో మా ఊరి పేరు వినబడిందంటే సమ్మె అయినా అయ్యుండాలి, గని ప్రమాదమైనా అయ్యుండాలి, మొదటిసారి జనం నవ్వుకోవడానికి వినబడింది, నేను పబ్‌లో అందరికీ చెప్పుకు తిరిగాను. ఆయన అన్నది నిజమే. ఈ కొండ వెనక మౌంట్ కెంబ్లా గనిలో 1902లో పేలుడు జరిగి 96 మంది పోయారు. 1938లో ఇక్కడి రేవు కార్మికులు జపాన్‌కి వెళ్లే ముడి ఇనుము ఓడకెక్కించం, అది చైనా మీద బాంబులవుతుంది, అని నెలల తరబడి మొండికేశారు, దాంతోనే అప్పటి అటార్నీ జనరల్, తర్వాత ప్రధాని అయిన మెంజీస్‌కి ‘పిగ్ ఐరన్ బాబ్’ అన్న పేరు జన్మంతా అంటుకుపోయింది. 1982లో కెమీరా గనిలో 31 మంది కార్మికులు ఉద్యోగాల కోసం 16 రోజులు భూమి లోపలే కూర్చున్నారు, పైనున్నవాళ్లు కాన్‌బెరా వెళ్లి పార్లమెంటు తలుపులు తోసుకుని లోపలికి పోయారు. ఈ ఊరి చరిత్ర అంతా ఇంత బరువు. అందులో ఒక మీసాల ఆంటీ బైకేసుకుని వస్తే ఊపిరాడినట్టు ఉండదా మరి.

అయితే అందరూ ఆయనతో ఏకీభవించలేదు, నాకు ఆ సాయంత్రం నచ్చింది అందుకే. మమ్మల్ని కూర్చోమన్న పెద్దావిడే, మాసిడోనియా నుంచి పెళ్లై వచ్చి ఉక్కు ఫ్యాక్టరీ పక్కనున్న క్రింగిలాలో కాపురం పెట్టినావిడ, అసలు నాకు అది నవ్వే రాలేదు అంది. అప్పట్లో ఇంగ్లిష్ రాక కాదట. క్రింగిలా గుట్ట మీద మాసిడోనియన్లు, ఇటాలియన్లు, పోర్చుగీసులు, టర్కీవాళ్లు కిక్కిరిసి ఉండేవాళ్లం, మా ఆయనలందరూ కొలిమి దగ్గర షిఫ్టులు చేసేవాళ్లు, ఆరేసిన బట్టల మీద మసి, ఆ షోలో మాలాంటి మొహం ఒక్కటి చూపించండి, అంది. ఆడవాళ్లకి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇవ్వకుండా ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో పెట్టిన కాలం అది. 1980లో ఆడవాళ్లు గేటు ముందు టెంటు వేసి మొదలుపెట్టిన పోరాటం 1989లో హైకోర్టు (ఇక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) దాకా వెళ్లి నెగ్గింది. ఆవిడ ఈ సంగతి చెబుతుంటే మన ఆడవాళ్లు టీ కప్పులు పక్కన పెట్టి విన్నారు. ఆంటీ జాక్ వేసిందీ మగాడే, ఊళ్లో ఉద్యోగాలూ మగాళ్లకే, నేనేం చూసి నవ్వను, అంది చివర్లో, అని తనే నవ్వేసింది.

నా అభిప్రాయం అడిగితే, ఇద్దరూ చెప్పింది సరైనదే. ఆ షో తీసినవాళ్లకి వుల్లంగాంగ్ ఒక సరదా పేరు, అంతే. పలకడానికి బాగుంటుంది, పొగగొట్టాలు ఉంటాయి, సిడ్నీకి దక్షిణంగా 80 కిలోమీటర్లే కానీ సిడ్నీ కాదు. అందులో కొన్ని ముక్కలు ఈ రోజుల్లో వేస్తే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా, ఆ పూట వాళ్లే కొన్ని దాటేశారు. కానీ ఆ వెక్కిరింతని ఊరివాళ్లు లాక్కుని తమది చేసుకున్నారు, అది చిన్న పని కాదు. ఊరి మీద వేసిన ప్రతి జోకుకీ సంతకాలు సేకరించే అలవాటు మనకి ఉంది కదా, మన ఉక్కునగరం సభ్యుడు అదే అన్నాడు. విశాఖ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు, 1971లో శంకుస్థాపన, అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ ఫ్యాక్టరీ మాట ఎత్తితే నినాదమో కన్నీళ్లో తప్ప గాజువాక దుమ్ము మీద ఒక మంచి కామెడీ చూసిన గుర్తు లేదు, అని. త్యాగాల మీద నవ్వమని ఎవరూ అనడం లేదు. క్యాంటీన్ మీద, క్వార్టర్ల అలాట్‌మెంట్ మీద, ప్రమోషన్ల మీద నవ్వొచ్చుగా.

దీన్నుంచి పుట్టిందే దీపావళి స్కిట్. దాని మీద ఫిర్యాదులు వచ్చాయి కాబట్టి కమిటీ తరఫున వివరణ ఇవ్వాల్సిన బాధ్యత నాకుంది.

స్కిట్‌లో మొహం నిండా టిష్యూ ముక్కలు అంటించుకున్న ఒక యాంకర్ ‘వుల్లంగాంగ్ తెలుగు వార్తలు’ చదివాడు. ఐదు గంటలకి మొదలవ్వాల్సిన కార్యక్రమం ఏడుంబావుకి సకాలంలో ప్రారంభమైంది. పాట్‌లక్‌కి వచ్చిన కుటుంబాలన్నీ పరస్పరం సంప్రదించుకోకుండానే పులిహోర తెచ్చి సమైక్యతను చాటాయి. ముఖ్య అతిథి రెండు ముక్కలు మాట్లాడతానని మైకు తీసుకుని ఇంకా ఇవ్వలేదు, బంధువులు ఆందోళన చెందుతున్నారు. బిర్యానీ కోసం సిడ్నీ వెళ్లిన యువకుడు అక్కడే ఇల్లు కొన్నట్టు అందిన సమాచారం. మాజీ అధ్యక్షుడికి శాలువా, ప్రస్తుత అధ్యక్షుడికి శాలువా, శాలువా కప్పినవారికి శాలువా. చివర్లో మీసాలతో, అమ్మగారి పాత పట్టుచీరలో ఒక ఆంటీ స్కూటర్ మీద స్టేజీ ఎక్కి, సభ్యత్వం కట్టకుండా భోజనాల లైన్లో నిలబడ్డవాళ్ల చేతులు పీకేస్తానని బెదిరించింది. ఆ రాత్రి కోశాధికారి గారికి వచ్చిన ఆన్‌లైన్ చెల్లింపులు మామూలుగా రావు, ఆయనే చెప్పారు.

ఫిర్యాదులు రెండు రకాలు. ఒకటి, పిల్లల ముందు ఆడవేషం వేసి వెకిలి చేష్టలేమిటని. కూచిపూడిలో సత్యభామ వేషం తరతరాలుగా మగవాళ్లు కట్టిందే కదా అని ఒకరు సమాధానం ఇచ్చారు. అది వేరు ఇది వేరు, నాకూ తెలుసు. కానీ పిల్లలు మళ్లీ ఎప్పుడని అడుగుతున్నారు, వాళ్లని స్టేజీ ఎక్కమని బతిమాలే రోజులు చూశాం కాబట్టి నేను పిల్లల పక్షం. రెండోది, బయటివాళ్లని పిలిచి వాళ్ల ముందు మన పరువు తీసుకున్నామని. ఆ రోజు వచ్చిన వృద్ధుల బృందానికి మాట మాట అర్థం కాకపోయినా శాలువాల దగ్గర వాళ్లే అందరికంటే గట్టిగా నవ్వారు, వాళ్ల క్లబ్బులోనూ అదే తంతట. పరువు పోయిన దాఖలాలు కమిటీకి కనబడలేదు.

నొచ్చుకున్న ఒక పెద్దాయన ఇంటికి అధ్యక్షులు వెళ్లి మాట్లాడి వచ్చారు. ఆయన షరతు ఒక్కటే, వచ్చేసారి తనకీ డైలాగులుండాలి. ఒప్పుకున్నాం.

కార్యవర్గ సమావేశంలో స్కిట్‌లకి ఒక నియమం పెట్టుకున్నాం. మన మీద మనం ఎంతైనా వేసుకోవచ్చు. శ్రీకాకుళం యాస, తెలంగాణ యాస, రాయలసీమ యాస పెట్టి నవ్వించడం వద్దు, అత్తాకోడళ్ల జోకులు వద్దు, రంగు మీద, లావు మీద అసలే వద్దు. ఇవన్నీ తీసేస్తే ఇంకేం మిగులుతుందని ఒకరు అమాయకంగా అడిగారు. మన వాట్సాప్ గ్రూపు మిగిలింది, అది చాలు పదేళ్లకి.

వచ్చే ఏడాది పనులు: వృద్ధుల బృందంతో కలిసి పాత కార్మికుల జ్ఞాపకాలు రికార్డు చేయాలని అనుకున్నాం, మాసిడోనియా పెద్దావిడ మొదట తననే అడగాలని చెప్పింది. కెమెరా, మైకు ఉన్నవాళ్లు పేరివ్వండి. మన విద్యార్థుల్లో ఇంగ్లిష్, తెలుగు రెండూ బాగా రాయగలిగినవాళ్లు ముందుకొస్తే ఇంకా మంచిది. ఉగాది స్కిట్‌కి రాతప్రతులు ఫిబ్రవరి నెలాఖరులోగా పంపాలి, పది నిమిషాలు దాటితే చదవం.

శాలువాలు ఇక కొనడం లేదు. పాతవి కోశాధికారి గారి గరాజ్‌లో రెండు పెట్టెలున్నాయి, జూన్, జులైల్లో అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చేవాళ్లు చలికి పట్టుకెళ్లొచ్చు, ముందు ఫోన్ చేసి వెళ్లండి.