‘నానా’ అని రాసిన చోట కారణం రాయించండి: రక్షణ మంత్రికి బహిరంగ లేఖ

రక్షణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

కడప జిల్లా మైదుకూరు దగ్గర ఒక పల్లె మాది. మా ఆయన 1996లో సైన్యంలో చేరారు. పరుగు, గుండె, కళ్లు, చెవులు అన్నీ చూసి ఫిట్ అని రాసుకున్నారు. తొమ్మిదేళ్లకు ఫిట్స్ అని రాసి ఇంటికి పంపారు.

మెడికల్ బోర్డు కాగితంలో వైకల్యం 20 శాతం అని ఉంది. పక్కనే, సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసులో ముదిరిందీ కాదు అని ఉంది. మాజీ జవాన్లు దీన్ని, ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి, పొట్టిగా ‘నానా’ అంటారు. ఎందుకు కాదో ఒక్క ముక్క రాయలేదు. దాంతో డిజెబిలిటీ పెన్షన్ పోయింది. పదేళ్లు నిండలేదని, జబ్బుతో మధ్యలో పంపేసిన వాళ్లకిచ్చే ఇన్‌వాలిడ్ పెన్షనూ రాలేదు. ఇచ్చిన గ్రాట్యుటీ బోరుకు పెట్టాం. నీళ్లు పడలేదు, అది వేరే కథ.

20 శాతమంటే వినడానికి తక్కువే. నిద్ర చెడితే ఫిట్స్ వస్తాయి కాబట్టి రాత్రి వాచ్‌మన్ పని కుదరదు. బ్యాంకు గార్డంటే తుపాకి పట్టాలి, ఈయన చేతికి ఎవరిస్తారు? బండి నడపకూడదు. మడికి నీళ్లు కట్టను కూడా ఒంటరిగా పంపను, కాలవలో పడితే? పసుపు ఉడకబెట్టే పొయ్యి దగ్గరికి అసలే రానివ్వను.

2013లో ధరమ్‌వీర్ సింగ్ అనే మాజీ జవాను కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. ఆయనదీ మూర్ఛే, 20 శాతమే. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే సర్వీసు వల్లే వచ్చిందనుకోవాలి, కాదంటే కారణం చూపాలి, అనుమానముంటే జవానుకే మేలు చేయాలి అంది. అప్పటి 1982 సైనిక పెన్షన్ నిబంధనల్లో ఉన్నదే ఇది. ఆయన హైకోర్టులో ఒకసారి గెలిచినా ప్రభుత్వం అప్పీలుకు పోయింది, చివరికి ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది.

తీర్పు వచ్చాక కూడా ఇంటికొకరు విడివిడిగా సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి తిరగాలా? మన రాష్ట్రంలో బెంచి లేదు, మాకు చెన్నైయే దిక్కు. వాయిదా వాయిదాకూ ఈయన్ని రైలెక్కించి, తలుపు వైపు పోకుండా రాత్రంతా కాపలా కాయడం నావల్ల కాదు.

కారణం రాయని పాత బోర్డు కాగితాలన్నిటినీ, ఎవరూ కోర్టుకెక్కకముందే, మీ శాఖే తీసి మళ్లీ చూసేలా ఒక ఉత్తర్వు ఇవ్వండి. మా కాగితం జిరాక్సు పంపుతున్నాను. అసలు కాగితం మాత్రం అడగొద్దు.

ఇట్లు,
ఒక మాజీ సిపాయి భార్య