అభివృద్ధి చదువు: లండన్ కంటే ముందు పాడేరు

సంపాదకులు గారికి,

నమస్కారం. డిగ్రీ ఫలితాలు రాగానే విశాఖ ద్వారకానగర్‌లో విదేశీ చదువుల కన్సల్టెన్సీల మెట్ల మీద పిల్లలు, వాళ్ల వెనకాల ఫైళ్లు పట్టుకున్న తల్లిదండ్రులు కనిపిస్తారు. ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, సోషల్ వర్క్ చదివిన పిల్లల్లో ఈమధ్య ‘ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్’ ఎంఏ గురించి అడిగేవాళ్లు పెరిగారు. పేరు వినగానే ఐక్యరాజ్యసమితి, ప్రపంచ బ్యాంకు గుర్తొస్తాయి. మంచి చదువే, అందులో అనుమానం లేదు. అయితే డిగ్రీ చేతికొచ్చిన మూడు నెలలకే ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లాల్సిన చదువు మాత్రం కాదు. మీ పాఠకుల్లో ఆ పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఉంటారు కాబట్టి కారణాలు లెక్కలతో సహా రాస్తున్నాం.

ముందు డబ్బు సంగతి. బ్రిటన్‌లో ఈ కోర్సు ఒక్క ఏడాది. విదేశీ విద్యార్థులకు ఫీజు విశ్వవిద్యాలయాన్ని బట్టి సుమారు 20 వేల నుంచి 30 వేల పౌండ్లు. దానికి ఇల్లు, తిండి, వీసా, ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జి కలిపితే లండన్ బయట కూడా 40 లక్షల రూపాయలకు తగ్గడం కష్టం. ప్రభుత్వ బ్యాంకుల మోడల్ విద్యా రుణ పథకంలో 7.5 లక్షల దాకా ఆస్తి హామీ అడగరు. అది దాటితే అడుగుతారు, విదేశీ చదువుకు 15 శాతం మనం పెట్టుకోవాలి. చదువుకాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు ఉండవన్న మాట విని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. వాయిదా ఆగుతుందే కానీ వడ్డీ ఆగదు. 40 లక్షల మీద 10.5 శాతం చొప్పున రెండేళ్ల సాధారణ వడ్డీ 8.4 లక్షలు. దాన్ని అప్పటికప్పుడు కడుతూ వస్తే 15 ఏళ్లకు నెల వాయిదా 44 వేల పైచిలుకు. కట్టకపోతే అప్పు 48.4 లక్షలై వాయిదా 53 వేలు దాటుతుంది. స్వచ్ఛంద సంస్థలో మొదటి ఉద్యోగానికి వచ్చే జీతం ఆ వాయిదాకు సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

సొంత డబ్బు చూపించి వీసాకు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. కట్టాల్సిన ఫీజు, 9 నెలల ఖర్చుకు సరిపడా మొత్తం ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి. మధ్యలో ఒక్కరోజు అవసరానికి పది వేలు తీసినా, నిల్వ ఆ గీత కిందికి పోతే దరఖాస్తు తిరస్కరిస్తారు. తీసిన డబ్బు మర్నాడే తిరిగి వేసినా లాభం లేదు, 28 రోజుల లెక్క మళ్లీ మొదటి నుంచి.

ఇక ఉద్యోగాలు. అయిదారేళ్ల కిందటి పరిస్థితి ఇప్పుడు లేదు. 1961లో పుట్టిన అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జూలై 1తో మూతపడింది. బ్రిటన్ తన జాతీయాదాయంలో 0.7 శాతం విదేశీ సాయానికి ఇచ్చేది. 2021లో దాన్ని 0.5 శాతానికి తగ్గించింది, 2027 నాటికి 0.3కి తెస్తానని ప్రకటించింది. ఆ డబ్బుతో నడిచే సంస్థల్లో ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లే ఉద్యోగాలు పోగొట్టుకుని, కొత్తగా చదివొచ్చిన పిల్లలతో పాటు అవే ఖాళీలకు దరఖాస్తు పెడుతున్నారు. బ్రిటన్‌లోనే ఉండిపోదామంటే నైపుణ్య ఉద్యోగ వీసాకు సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం చూపాలి, కొత్తగా చేరేవాళ్లకైనా 33,400. సేవాసంస్థల తొలి మెట్టు ఉద్యోగాల్లో అది అరుదు. ఐక్యరాజ్యసమితిలో తొలి మెట్ల ఉద్యోగాల్లో ఒకటైన పీ-2 స్థాయికి మాస్టర్స్‌తో పాటు రెండేళ్ల అనుభవం అడుగుతారు. డిగ్రీ ఒక్కటే పట్టుకుని వెళితే ఆ వాకిలి తెరుచుకోదు.

మన దేశంలోనూ డబ్బు వచ్చే దారి మారింది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థల దగ్గర తీసుకుని ఏజెన్సీలో పనిచేసే చిన్న సంస్థలకు ఆ రెండో నిబంధన గట్టి దెబ్బ. మరోవైపు 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. విశాఖ లాంటి పారిశ్రామిక నగరంలో ఇది చిన్న విషయం కాదు. ఆ విభాగాల్లోనూ, పొదుపు సంఘాల కార్యక్రమాల్లోనూ, సర్వే సంస్థల్లోనూ పని దొరుకుతుంది. అక్కడ ఊళ్లో పని తెలిసినవాళ్ల కోసమే వెతుకుతారు.

ఊళ్లో పని తెలియడమంటే ఏమిటో ఒక్క లెక్కతో చెబుతాం. ప్రపంచమంతా వాడే బహుముఖ పేదరిక సూచీ 2010లో వచ్చింది. ఈ కోర్సు ఎక్కడ చదివినా దాన్ని నేర్పుతారు. అందులో ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణం అని మూడు భాగాలు, మొత్తం 10 అంశాలు. (మన నీతి ఆయోగ్ దాన్ని 12 చేసింది.) ఆరోగ్యంలో రెండు, చదువులో రెండు, ఒక్కోదానికి లెక్కలో ఆరో వంతు వాటా, అంటే బరువు. జీవన ప్రమాణంలో వంటకు వాడేది, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, సామాను అని ఆరు, ఒక్కోదానికి పద్దెనిమిదో వంతు. లోటున్న వాటి బరువులు కూడితే మూడో వంతుకు చేరిన ఇల్లు పేద ఇల్లు.

ఇప్పుడు ఏజెన్సీలో ఒక ఇల్లు ఊహించుకోండి. మట్టి నేల, మరుగుదొడ్డి లేదు, వంట కట్టెల పొయ్యి మీద. ఇవి మూడు పద్దెనిమిదో వంతులు. ఇంట్లో ఒక బిడ్డకు పోషణ చాలడం లేదు. ఆరో వంతంటే ఇంకో మూడు పద్దెనిమిదో వంతులు. మొత్తం ఆరు, సరిగ్గా మూడో వంతు. ఆ కుటుంబం పేదది. ట్యాబ్ పట్టుకుని వచ్చిన సర్వే కుర్రాడు గుమ్మంలోంచి చూస్తాడు. మూలన గ్యాస్ బండ కనిపిస్తుంది. అడగకుండానే ‘గ్యాస్’ అని నొక్కేస్తాడు. ఆరు కాస్తా అయిదైంది, ఆ కుటుంబం కాగితం మీద పేదరికం దాటేసింది. బండ పైకెత్తి చూస్తే ఖాళీ. మళ్లీ నింపించాలంటే డబ్బూ కావాలి, దాన్ని రోడ్డు దాకా మోసుకెళ్లే మనిషీ కావాలి. ‘మీకు గ్యాస్ ఉందా’ అన్నది తప్పు ప్రశ్న. ‘ఎక్కువ రోజులు దేనిమీద వండుతారు’ అని అడిగి, పొయ్యిలో బూడిద వైపు కూడా ఒక చూపు చూడాలి. ఈ తేడా తరగతి గదిలో వింటే పరీక్షలో రాయడానికి పనికొస్తుంది. గుమ్మంలో నిలబడి తెలుసుకున్నవాడు జన్మలో ఆ తప్పు చేయడు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కొండ ఊళ్లలో కొన్నిచోట్ల పోడు భూమిని ఎకరాల్లో చెప్పరు, ఎన్ని కుంచాల విత్తనం పడుతుందో చెబుతారు. ఎకరాలెన్నని రెట్టించి అడిగితే మన పోరు పడలేక ఏదో ఒక అంకె అనేస్తారు, అదే నివేదికలోకి ఎక్కుతుంది. సంత రోజు వెళితే ఇళ్లలో ముసలివాళ్లూ పసివాళ్లే దొరుకుతారు. ‘పోయిన నెలలో ఎంత ఖర్చు పెట్టారు’ అన్న ప్రశ్న కాఫీ పండ్లు కోసి అమ్మిన తర్వాత జనవరిలో అడిగితే ఒక జవాబు, గింజలు అడుగంటిన జూలైలో అడిగితే ఇంకో జవాబు. జాతీయ నమూనా సర్వే వాళ్లు వినియోగ సర్వేకు ఏడాదంతా తిరిగేది అందుకే. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లలో తెలుగు ప్రశ్నను అక్కడికక్కడ అనువదించి చెప్పే మనిషి తన అభిప్రాయం కూడా కలిపేస్తాడు. ఆ ప్రశ్నలను ముందే ఆ భాషలోకి మార్పించి, ఇంకొకరి చేత తిరిగి తెలుగులోకి చెప్పించుకుని సరిచూసుకోవాలి.

నమూనా లెక్క కూడా తప్పుతుంటారు. వంద ఇళ్లు తిరిగి ‘62 శాతం’ అని రాసేస్తారు. వంద ఇళ్లతో వచ్చే అంకెకు అటూ ఇటూ దాదాపు 10 శాతం తేడా ఉండొచ్చు. దాన్ని 5కి తేవాలంటే 385 ఇళ్లు కావాలి. అదీ ఇళ్లను జిల్లా అంతటా చీటీలు తీసినట్టు ఎంచుకుంటేనే. ముందు ఊళ్లు ఎంచుకుని, ఒక్కో ఊళ్లో కొన్ని ఇళ్లు తీసుకుంటే, ఒక ఊరివాళ్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటారు కాబట్టి ఆ సంఖ్యను రెట్టింపు చేసుకోవడం మంచిది.

బ్రిటన్‌లో సెప్టెంబరు చివర్లో తరగతులు మొదలై మార్చికల్లా దాదాపు అయిపోతాయి. వేసవంతా పదివేల పదాలకు అటూ ఇటూగా పరిశోధన వ్యాసం రాయాలి. దాని అంశం ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే తేల్చుకోవాలి. విదేశంలో క్షేత్ర పరిశోధన చేయాలంటే నైతిక అనుమతి కూడా తీసుకోవాలి. క్షేత్రం చూడకుండా వెళ్లిన పిల్లలకు అప్పటికి అడగడానికి ప్రశ్నే ఉండదు. లైబ్రరీలో కూర్చుని నాలుగు నివేదికలు కలిపి రాసి వస్తారు. తీరా చూస్తే ఆ నివేదికల్లో సగం మన గురించే. 2000లో శ్రీకాకుళం, విజయనగరం సహా ఆరు జిల్లాల్లో ప్రపంచ బ్యాంకు రుణంతో మొదలైన పేదరిక నిర్మూలన పథకం ‘వెలుగు’, 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మ రుణ సంస్థల సంక్షోభం, బొర్రా దగ్గర గనుల లీజులపై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, హుద్‌హుద్ తుపాను తర్వాత ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణం, దానితో విశాఖలో భూమిలోకి దిగిన కరెంటు తీగలు. ఇవన్నీ మన వీధిలో, మన కొండమీద జరిగినవి. ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టు పత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదట్లో ఏం చేస్తామన్నారో ఒక పత్రంలో, చివరికి ఏం జరిగిందో ఇంకో పత్రంలో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవడం ఈ రంగానికి మొదటి పాఠం.

కాబట్టి డిగ్రీ తర్వాత రెండేళ్లు ఇక్కడ పనిచేయమంటున్నాం. సర్వే సంస్థ కావచ్చు, పొదుపు సంఘాల సమాఖ్య కావచ్చు, ప్రకృతి వ్యవసాయం కావచ్చు. ఉచితంగా దొరికే కోబో టూల్‌బాక్స్‌లో ప్రశ్నావళి తయారుచేయడం, ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు వేయడం, క్యూజీఐఎస్‌లో మ్యాపు గీయడం ఆరు నెలల్లో పట్టుబడతాయి. నెలకోసారి చూసింది రెండు పేజీల్లో రాసి పెట్టుకోవాలి. తర్వాత విశ్వవిద్యాలయానికి పంపే ప్రయోజన పత్రం (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) అందులోంచే వస్తుంది. ‘చిన్నప్పటి నుంచి పేదలకు సేవ చేయాలని నా కోరిక’ అని మొదలయ్యే పత్రాలు వాళ్లు వేలల్లో చూస్తారు. ‘అటవీ హక్కుల పట్టా చేతిలో ఉన్న రైతుకు పంట రుణం అందుతోందా, అందకపోతే ఏ బల్ల దగ్గర ఆగుతోంది’ అని అడిగే పత్రాన్ని చివరిదాకా చదువుతారు.

ఆ రెండేళ్లకు ఇంకో ఫలితం ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఫీజు, ఖర్చులు అన్నీ భరిస్తుంది. దానికి 2,800 గంటల పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. దరఖాస్తు కోర్సుకు ఏడాది ముందు ఆగస్టులో తెరుస్తారు, మూడు కోర్సులు ఎంచుకోవాలి. ఎస్సీ విద్యార్థులకు ఏడాదికి 8 లక్షల లోపు కుటుంబ ఆదాయం ఉంటే జాతీయ విదేశీ విద్యా స్కాలర్‌షిప్ ఉంది. ఎస్టీలకు గిరిజన మంత్రిత్వ శాఖ వేరుగా ఇస్తుంది. మొదటిదానికి 2022లో తెచ్చిన నిబంధనల్లో భారత సంస్కృతి, చరిత్ర, భారత సమాజంపై అధ్యయనాలకు ఇవ్వబోమని చేర్చారు. అంశం ఖాయం చేసుకునే ముందే ఆ నిబంధన చదువుకోవాలి. ఎవరి జీవితాల గురించి చదవాలో వాళ్ల పిల్లలకే ఆ దారి మూయడం అన్యాయం, దాన్ని తొలగించాలి.

విదేశం వెళ్లకుండానే ఈ చదువు బాగా చదవొచ్చు. బెంగళూరు అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ ఇస్తారు. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, ఆనంద్‌లో గ్రామీణ మేనేజ్‌మెంట్ నేర్పే ఇర్మా, మద్రాసు, గువాహటి ఐఐటీలు ఉన్నాయి.

మరి విశాఖలో? 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అర్థశాస్త్రం, మానవశాస్త్రం, సోషల్ వర్క్, గణాంకశాస్త్రం అన్నీ ఉన్నాయి. వ్యవసాయార్థిక పరిశోధన కేంద్రమూ ఉంది. గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. నాలుగు గంటలు బస్సెక్కితే పాడేరు. కొత్త భవనం అక్కర్లేదు. ఈ శాఖలన్నీ కలిసి ఏడాది పీజీ డిప్లొమా పెట్టవచ్చు: సగం తరగతులు, 16 వారాలు ఊళ్లో బస, మార్కుల్లో సగం ఊరి పనికే. ఆ 16 వారాలను రెండు విడతలు చేయాలి, ఎనిమిది జూలై, ఆగస్టుల్లో, ఎనిమిది డిసెంబరు, జనవరుల్లో. వానాకాలం విడత కష్టం, రోడ్లు తెగుతాయి, జ్వరాలుంటాయి. బస, దోమతెరలు, వైద్యం ఏర్పాటు విశ్వవిద్యాలయమే చూడాలి. కష్టమని దాన్ని వదిలేసి డిసెంబరులోనే పంపితే పిల్లలు కాఫీ డబ్బు చేతిలో ఉన్న ఊరిని చూసి తిరిగొస్తారు.

ఇట్లు,
గ్రామీణ సర్వేలు, అభివృద్ధి పాఠాలు చెప్పే కొందరు అధ్యాపకులు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం