ఆ దస్త్రం చదవడం ఎవరు నేర్పాలి?

తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఇరవై ఆరేళ్లు చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. నా దగ్గర పదకొండు మంది పిహెచ్‌డి పూర్తిచేశారు. ఈ లేఖ మాత్రం పూర్తిచేయలేకపోయిన ఒక అమ్మాయి కోసం రాస్తున్నాను.

పాలమూరు వైపు పల్లె. పదో తరగతి నుంచి పీజీ దాకా తెలుగు మాధ్యమమే. వాళ్ల తాత ఊరి చెరువుకు నీరటి. ఏ పొలానికి ఎంతసేపు నీళ్లు వదలాలో ఆయనకు నోటిలెక్క. నిజాం కాలంలో చెరువు కింది సాగుకు శిస్తు ఎలా కట్టారు, నీళ్ల పంపకంలో ఎవరి మాట చెల్లింది అన్నది ఆమె తేల్చుకోవాలనుకున్న విషయం. ఆమె పరిశోధన ప్రతిపాదన (సినాప్సిస్) చదివి సంబరపడ్డాను. తాత చేతిలోని పని మనవరాలి పరిశోధన కావడం మా విభాగంలో తరచుగా జరిగేది కాదు.

హైదరాబాదు తార్నాకలో పాత ప్రభుత్వ దస్త్రాలు దాచే రాష్ట్ర పురాలేఖల కార్యాలయానికి (ఆర్కైవ్స్) వెళ్లింది. అక్కడి సిబ్బంది ఆదరంగా దస్త్రాలు తెచ్చి బల్లమీద పెట్టారు. అవి ఫార్సీలో, ఉర్దూలో ఉన్నాయి. కొన్ని శికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. ఉర్దూ అచ్చులో చదవగలిగినవాళ్లు కూడా ఆ రాత దగ్గర తడబడతారు. నాలుగు రోజులు వాటిముందు కూర్చుని తిరిగొచ్చింది. ఇంగ్లీషులో ఉన్న నాటి బ్రిటిష్ రెసిడెన్సీ కాగితాలతో సరిపెట్టుకునేలా అంశం మార్చుకోమని సలహా ఇచ్చింది నేనే. నాకూ ఫార్సీ రాదు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఆ కాగితాల్లో లేదు. ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెబుతూ, రాసింది కొట్టేస్తూ మళ్లీ రాస్తూ, ఐదో ఏడు మానేసింది.

లోపం ఆమెలో లేదండీ. పరిశోధన ఎలా చేయాలో మేము ఆమెకు నేర్పలేదు.

నియమాలు లేక కాదు. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన పిహెచ్‌డి నిబంధనలు కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్కు, అంటే తరగతి చదువు, ఉండాలంటాయి. బోధనలోను, రచనలోను ప్రతి స్కాలరుకూ శిక్షణ ఇవ్వాలంటాయి. ప్రతి సెమిస్టరుకూ సలహా సంఘం ముందు పని చూపించాలంటాయి. చాలాచోట్ల జరుగుతున్నది వేరు. పరిశోధనా పద్ధతుల పేపరంటే ఒక గైడు పుస్తకం బట్టీ పట్టి రాసే పరీక్ష. సలహా సంఘమంటే సంతకాల కాగితం. నేనూ అలా సంతకాలు పెట్టాను.

మిగిలిన భారమంతా గైడు మీద, అంటే పరిశోధనను పర్యవేక్షించే అధ్యాపకుడి మీద పడుతుంది. ప్రొఫెసరు ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురిని తీసుకోవచ్చు. తెలంగాణ ఏర్పడ్డాక ఏళ్ల తరబడి విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు జరగలేదు. ఉన్న కొద్దిమంది అధ్యాపకులు లిపి, గణాంకాలు, ఇంగ్లీషు రచన, ఉటంకింపు పద్ధతి అన్నీ ఒంటిచేత్తో నేర్పగలరా?

ఉటంకింపుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటకూడదని 2018 నుంచి నియమం ఉంది. మంచిదే. కానీ ఇతరుల మాటను ఎలా ఉటంకించాలో మా పిల్లలకు తెలిసేది థీసిస్ సమర్పించే వారంలో, సాఫ్ట్‌వేర్ నివేదిక చేతికొచ్చాక. అప్పుడు వాళ్లు డబ్బు తీసుకుని శాతం తగ్గించి ఇచ్చే దుకాణాలకు పరుగెడతారు. ఆ దుకాణంలో వాక్యం అర్థం చెడిపోతుంది, పిల్లవాడి ఆత్మగౌరవం కూడా. మొదటి ఏడాదిలో పది తరగతులు చెబితే ఆ అవసరమే రాదు. 2025 జనవరి నుంచి 'ఒకే దేశం ఒకే చందా' పథకంలో దాదాపు 13,000 పరిశోధన పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. వాటిలో తనకు కావలసిన వ్యాసాన్ని వెతికి, చదివి, తన మాటల్లో చెప్పడం ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పాలి.

డబ్బు గురించి కూడా. జాతీయ స్థాయి నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి వచ్చిన స్కాలరుకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఆ ఫెలోషిప్ లేకపోయినా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 8,000 ఇస్తారు. ఈ రోజుల్లో అది గది అద్దెకూ మెస్సుకూ చాలదు. రాష్ట్ర విశ్వవిద్యాలయం స్కాలరుకు ఆ మాత్రం భరోసా కూడా లేదు. పొద్దంతా ప్రైవేటు కళాశాలలో గొంతు పోగొట్టుకుని వచ్చినవాళ్లను సాయంత్రం తరగతికి రమ్మని ఏ ముఖంతో పిలవమంటారు?

నేను కోరేది ఇది. ప్రతి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన శిక్షణ కేంద్రం పెట్టండి. ఇద్దరు ముగ్గురు పూర్తికాలపు శిక్షకులు ఉండాలి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లు సిగ్గుపడకుండా తలుపు తట్టగలగాలి. ఫెలోషిప్ లేని స్కాలరుకు కనీసం మూడేళ్లు రాష్ట్రమే నెలసరి భృతి ఇవ్వాలి. చరిత్ర విద్యార్థుల కోసం తార్నాక పురాలేఖల కార్యాలయంలోనే ఆరు నెలల ఫార్సీ, శికస్తా తరగతులు నడపండి. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఫార్సీ విభాగం ఉంది, వాళ్ల సాయం అడగవచ్చు. 1918లో ఉస్మానియాను ఉర్దూ మాధ్యమంలో మొదలుపెట్టినప్పుడు, విద్యార్థికి అందని జ్ఞానాన్ని అందించడానికి ఒక అనువాద విభాగాన్నే నిలబెట్టారు. అదే హైదరాబాదులో ఇప్పుడు మనం అడుగుతున్నది ఒక తరగతి గది, ఇద్దరు ఉస్తాదులు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతోంది. వాళ్ల తాత పోయారు. మొన్న ఫోన్ చేసి, "సార్, ఫార్సీ ఎక్కడైనా నేర్పుతారా? వేసవి సెలవుల్లో వస్తాను" అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను. వేసవి లోపల మీ నుంచి జవాబు వస్తే ఆమెకు ఫోన్ చేస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు