చిత్రలిపి కిట్‌లో తప్పులు: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ప్రాచీన ఈజిప్టు చిత్రలిపి స్వయంగా నేర్చుకునే కిట్‌లో తప్పుడు పాఠాలు

నమస్కారం.

మీ వెబ్‌సైట్‌లో 2,499 రూపాయలు పెట్టి ఈ కిట్ కొన్నాను. వర్క్‌బుక్, కార్డులు, ఫోన్ యాప్ వచ్చాయి. గురువు అక్కర్లేకుండా సమాధి గోడల మీది రాతలు చదివేయొచ్చని మీ ప్రకటనలో ఉంది. ఈ లిపి అంటే నాకు చాలా ఇష్టం. అందుకే ప్రతి అభ్యాసం కూర్చుని చేశాను, తప్పులు బయటపడిందీ అలాగే.

మొదటి అధ్యాయంలో ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు చొప్పున 24 ఇచ్చారు. అవి సరిగానే ఉన్నాయి. కానీ రెండు మూడు హల్లులు కలిపి పలికే గుర్తుల ఊసే ఎక్కడా లేదు. పదం చివర నిలబడి, తాము పలక్కుండా అర్థాన్ని మాత్రం చూపించే డిటర్మినేటివ్‌ల మాటా లేదు. ఇవి తెలియకుండా ఆ గోడల మీద ఒక్క వాక్యం కూడా చదవలేం.

మూడో అధ్యాయంలో ఇల్లు, నోరు, నడిచే కాళ్లు ఉన్న పదం చూడండి. ‘ఇంట్లో మాట్లాడుతూ నడుస్తున్నాడు’ అని మీ జవాబు. అసలు అక్కడ ఉన్నది ‘బయటికి వెళ్లు’ అనే క్రియ. ఇంటి గుర్తు ప, ర అనే రెండు హల్లులు పలుకుతుంది. నోటి గుర్తు ఆ ‘ర’నే ఇంకోసారి గుర్తు చేస్తుంది, విడిగా పలకదు. కాళ్లు కదలికను సూచించే డిటర్మినేటివ్. గుణింతం లేని రాత కాబట్టి, ఒకే హల్లులున్న మాటల్లో ఇది ఏదో తెలిసేది ఆ కాళ్ల వల్లే. అలాగే రాజు పేరున్న కార్టూష్‌కి (పేరు చుట్టూ గీసే కోలాకారపు గీతకి) ముందు వచ్చే బాతు, సూర్యబింబాలకు ‘ఎండలో బాతు’ అని రాశారు. అది ‘సూర్యదేవుడైన రా కుమారుడు’ అనే రాజబిరుదు!

బొమ్మ చూసి అర్థం ఊహించడమనే ఈ పద్ధతి వల్లే 17వ శతాబ్దంలో కిర్చర్ అంతటి పండితుడు కూడా దారి తప్పాడు. ఈ గుర్తుల్లో చాలా వాటికి ధ్వని ఉందని ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ 1822లో నిరూపించి రెండు వందల ఏళ్లు దాటింది. మీరు డబ్బు తీసుకుని జనాన్ని మళ్లీ అంతకు ముందు కాలానికి పంపిస్తున్నారు. నాకు బాధ కలిగించింది ఇదే.

కార్డుల మీద పక్షులు, మనుషులు కుడివైపు చూస్తున్నాయి. అవి ఎటు చూస్తే అటు నుంచే చదవాలి. మీ బాణం గుర్తేమో ఎడమ నుంచి మొదలుపెట్టమంటోంది. యాప్‌లో సగం గుర్తుల చోట ఖాళీ డబ్బాలే కనిపిస్తున్నాయి. 2009లోనే యూనికోడ్‌లో (కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలు చూపించడానికి వాడే ప్రమాణంలో) వెయ్యికి పైగా చిత్రలిపి గుర్తులు చేరాయి, కాబట్టి ఇది సరైన ఫాంట్ పెట్టకపోవడమే. పోనీ మరో నిఘంటువులో వెతుక్కుందామంటే గార్డినర్ నంబర్లు (ఒక్కో గుర్తుని గుర్తించడానికి పండితులు వాడే జాబితా సంఖ్యలు) కూడా వేయలేదు. బాతుకి జి39, నడిచే కాళ్లకి డి54 అని పక్కన రాస్తే చాలు, స్వయంగా నేర్చుకునేవాడికి అదే పెద్ద ఆసరా.

ఇవన్నీ ఫొటోలతో మెయిల్ చేస్తే, ‘ఇది సరదా కోసం చేసిన ఉత్పత్తి’ అని మీ ప్రతినిధి జవాబిచ్చారు. ప్రకటనలో ఆ మాట లేదు. నేను సరదా కోసం కొనలేదు, చదవడం నేర్చుకుందామని కొన్నాను.

నా డబ్బు మొత్తం వాపస్ ఇవ్వండి. ఇప్పటికే కొన్నవాళ్లందరికీ సరిదిద్దిన జవాబుల పట్టిక పంపండి. లిపి తెలిసినవారి చేత పాఠాలు దిద్దించేవరకు ఆ ప్రకటన తీసేయండి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేసి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. బిల్లు, తప్పులున్న పేజీల ఫొటోలు, మీ ప్రతినిధి మెయిల్ కాపీ జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
హైదరాబాద్