కన్సోల్ కారు పీసీ రోడ్డెక్కితే...

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గర పడితే చాలు, పత్రికల టెక్నాలజీ పేజీల్లో కొత్త వీడియో గేమ్‌ల పరిచయాలు వరసకడతాయి. సంతోషమే. కానీ కారు రేసుల గేమ్ దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే పాట: గ్రాఫిక్స్ అదిరాయి, కార్లు అద్దంలా మెరుస్తున్నాయి, ఐదుకు నాలుగు చుక్కలు. అందులో చాలావరకు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి కన్సోల్ (టీవీకి తగిలించే గేమ్ పెట్టె) మీద తీసిన వీడియో చూసి రాసినట్టే ఉంటుంది. చదివేవాళ్లలో చాలామంది మాత్రం సికింద్రాబాద్ సీటీసీలో బేరమాడి కట్టించుకున్న పీసీ మీదో, ఇంజినీరింగ్ చదువుకని కొన్న ల్యాప్‌టాప్ మీదో ఆడతారు. కన్సోల్ కోసం తయారైన గేమ్‌ను పీసీకి మార్చి ఇవ్వడాన్ని పోర్ట్ అంటారు. ఆ మార్పు ఎంత శ్రద్ధగా చేశారన్నదే మీ పాఠకుడికి కావాల్సిన కబురు. పరిచయాల్లో అదొక్కటే కనబడదు.

రేసింగ్ గేమ్ పోర్ట్ మంచిచెడ్డలు బొమ్మ అందంలో కన్నా టైమింగులో తేలతాయి. చిన్న లెక్క. కారు గంటకు 216 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే సెకనుకు 60 మీటర్లు. గేమ్ సెకనుకు 30 ఫ్రేములు చూపిస్తే ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య కారు 2 మీటర్లు జరిగిపోతుంది. 60 ఫ్రేములైతే ఒక్క మీటరే. మధ్యలో తెర 0.2 సెకను బిగుసుకుపోయిందనుకోండి, చాలా గేమ్‌లలో లోపల కారు ఆగదు కాబట్టి 12 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. వేరే రకం గేమ్‌లో ఆ తడబాటు చిరాకు తెప్పించి ఊరుకుంటుంది, ఇక్కడ మాత్రం బ్రేకు వేయాల్సిన చోటు దాటిపోతుంది.

ఈ విషయంలో ఎలా చేయకూడదో చూడాలంటే 2013 నవంబరులో వచ్చిన ‘నీడ్ ఫర్ స్పీడ్ రైవల్స్’ చూడాలి. ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు బిగించినా పీసీలో 30 ఫ్రేముల దగ్గర తాళం పడి ఉండేది. కారు కదలికల లెక్కను ఫ్రేములకే ముడిపెట్టడం దీనికి కారణం. తాళం ఒక్కటే తీస్తే ట్రాఫిక్, పోలీసులతో సహా గేమ్ మొత్తం రెట్టింపు వేగంతో పరిగెత్తేది. షార్ట్‌కట్ లక్షణాల్లోకి వెళ్లి ఫ్రేముల పరిమితినీ, సిమ్యులేషన్ రేటునూ (సెకనుకు కారు కదలికను ఎన్నిసార్లు లెక్కించాలన్నది) రెండింటినీ 60గా రాసిపెడితే సరిగ్గా నడిచేది. దానికీ ఒక మెలిక ఉంది. పీసీ 60 అందుకోలేక 50కి పడిందా, గేమ్‌లో కాలమే సాగిపోయి కారు నడుంలోతు నీళ్లలో పోతున్నట్టుండేది. 2010 నాటి ‘స్ప్లిట్ సెకండ్’ కూడా పీసీలో ఇదే 30 గాటన కట్టేసిందే. ఆ తర్వాతి ‘నీడ్ ఫర్ స్పీడ్’ 2015 నవంబరులో కన్సోళ్లకు వచ్చింది, పీసీకి 2016 మార్చిలో గానీ రాలేదు. వస్తూ వస్తూ ఆ తాళం వదిలించుకుని వచ్చింది. నాలుగు నెలలు ఆగినందుకు ఫలితం దక్కిందన్నమాట. ‘బర్నౌట్ పారడైజ్’ అయితే కన్సోల్‌కు వచ్చిన ఏడాదికి, 2009 ఫిబ్రవరిలో పీసీకి వచ్చింది. అది మామూలు మెషీన్ల మీద కూడా నున్నగా నడిచింది. పాతతరం ప్రాణంపెట్టిన ‘రోడ్ రాష్’ కూడా 1996లో విండోస్‌కు వచ్చిన పోర్టేనని చాలామందికి తెలియదు. అంతకు రెండేళ్ల ముందు అది త్రీడీవో అనే కన్సోల్ మీద ఉండేది.

తాళాల రోజులు దాదాపు పోయాయి. ఇప్పటి జబ్బు పేరు షేడర్ స్టటర్. తెర మీద ప్రతి మెరుపుకూ, దుమ్ముకూ, తడిరోడ్డుకూ షేడర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. ఒక మోడల్ కన్సోళ్లన్నింట్లో ఒకే గ్రాఫిక్స్ చిప్ కాబట్టి కంపెనీ వాటిని ముందే వండి డిస్కులో పెట్టి పంపుతుంది. పీసీల్లో ఒక్కో ఇంట్లో ఒక్కో కార్డు, ఒక్కో డ్రైవర్. అందుకే వంట మన పీసీలోనే జరగాలి. శ్రద్ధగల పోర్ట్ ఆ పని మొదటిసారి తెరిచినప్పుడే, రేసుకు ముందే ముగిస్తుంది. ‘ఫోర్జా హొరైజన్ 5’ మొదట్లో కాసేపు కూర్చోబెట్టేది ఇందుకే. దాన్ని మధ్యలో తుంచేసి ‘ఆప్టిమైజేషన్ లేదు’ అని తిట్టడం అన్యాయం. శ్రద్ధలేని పోర్ట్ వర్షం మొదలైన క్షణంలో వర్షం షేడర్‌ను వండుకుంటుంది, జర్క్ అక్కడే వస్తుంది. ఒకే మలుపులో మొదటి ల్యాప్‌లో జర్క్ వచ్చి రెండో ల్యాప్‌లో రాకపోతే షేడర్ జబ్బేనని దాదాపుగా ఖాయం చేసుకోవచ్చు. ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్లు కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ (వండినవి దాచే చోటు) సైజును 10 జీబీకి పెంచుకుంటే వండినవి చెరిగిపోకుండా ఉంటాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చితే మాత్రం వంట మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి ఆన్‌లైన్ రేసుకు పది నిమిషాల ముందు డ్రైవర్ అప్‌డేట్ చేయకండి.

రెండో జబ్బు రోడ్డును డిస్కులోంచి తెచ్చుకోవడం దగ్గర వస్తుంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు తిరిగిన ట్రాకు 2.8 కిలోమీటర్లు. అంత చిన్న ట్రాకును గేమ్ ఒకేసారి మెమరీలోకి ఎత్తుకోగలదు. 2023 నవంబరులో వచ్చిన ‘ఈఏ స్పోర్ట్స్ డబ్ల్యూఆర్‌సీ’లో 30 కిలోమీటర్లు దాటిన ర్యాలీ దారులున్నాయి. అంత పొడవు కోసమే దాన్ని తయారుచేసిన కోడ్‌మాస్టర్స్ తమ సొంత ఈగో గేమ్ ఇంజిన్ (గేమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పక్కనపెట్టి అన్‌రియల్ ఇంజిన్‌కు మారింది. విడుదలైన కొత్తలో పీసీలో అడుగడుగునా జర్కులే. ఇదే కంపెనీ 2015లో ‘డర్ట్ ర్యాలీ’ని ముందు పీసీకి ఇచ్చి, అక్కడ సానపట్టి, మరుసటి ఏడాది కన్సోళ్లకు తీసుకెళ్లింది. ఎటునుంచి ఎటు పోర్ట్ చేశారన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

ప్లేస్టేషన్ 5లోని ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కు సెకనుకు 5.5 జీబీ చదువుతుంది. పీసీలో సాధారణ సాటా ఎస్‌ఎస్‌డీ అర జీబీ పైచిలుకు చదివితే గొప్ప. పాత హార్డ్ డిస్కుది అందులో నాలుగో వంతు కూడా కష్టమే. ఊరంతా తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ గేమ్‌ను హార్డ్ డిస్కులో వేస్తే చెట్లు, గోడలు కారు దగ్గరికొచ్చాక మొలుస్తాయి. ఆ తప్పు పోర్ట్‌ది కాదు. గ్రాఫిక్స్ మెమరీ సంగతీ అంతే. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కలిసి వాడుకునే 16 జీబీ ఉంది. జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డులో ఉన్నది 4 జీబీ. అది నిండితే టెక్స్‌చర్లు (రోడ్డుకూ గోడలకూ అతికించే బొమ్మలు) పీసీ ర్యామ్‌లోకి పొర్లి, అక్కడినుంచి ఇరుకు దారిలో వస్తూ పోతూ ఉంటాయి. సగటు ఫ్రేములు 60 చూపిస్తూనే గేమ్ కుదుపులు పెడుతుంటే అనుమానించాల్సింది దీన్నే. టెక్స్‌చర్ సెట్టింగ్ ఒక్క మెట్టు దించి గేమ్ మూసి తెరవండి. ఇంకో పొరపాటు ర్యామ్ దగ్గర జరుగుతుంది. ఒకే 16 జీబీ ర్యామ్ స్టిక్ వేయించుకుంటే మెమరీ వేగం సగమే అందుతుంది. రెండు 8 జీబీ స్టిక్‌లు వేయించుకుంటే రెండు దారులూ తెరుచుకుంటాయి. షాపులో మనం అడగకపోతే ఎవరూ చెప్పరు.

స్టీరింగ్ గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే సమీక్షల్లో దీనికి ఒక్క వాక్యం కూడా దక్కదు. విండోస్‌లో గేమ్‌ప్యాడ్‌లు ఎక్స్ఇన్‌పుట్ పద్ధతిలో, స్టీరింగ్ వీల్స్ పాతదైన డైరెక్ట్ఇన్‌పుట్ పద్ధతిలో మాట్లాడతాయి. కన్సోల్ నుంచి తొందరగా దించిన గేమ్ మొదటిదాన్నే నేర్చుకుని వస్తుంది. వీల్ తగిలిస్తే గుర్తించదు, లేదా గేమ్‌ప్యాడ్ అనుకుంటుంది. గేమ్‌ప్యాడ్ పుల్ల (స్టిక్) మధ్యలో కొంత మేర కదిపినా లెక్కలోకి తీసుకోకుండా డెడ్‌జోన్ పెడతారు. మైక్రోసాఫ్ట్ సూచించిన విలువ ఎడమ పుల్లకు 32767లో 7849, అంటే దాదాపు నాలుగో వంతు. షూటింగ్ గేమ్‌లో పర్వాలేదు. రేసులో మాత్రం చిన్న సవరణలన్నీ ఆ నాలుగో వంతులోనే ఉంటాయి. ఆ విలువను అలాగే వదిలేసిన పోర్ట్‌లో కారు ముందు మొద్దులా నిద్రపోయి, తర్వాత ఒక్కసారిగా పక్కకు దూకుతుంది. ఫోర్జాలోలాగా లోపలి డెడ్‌జోన్‌ను మార్చుకోనిస్తే సున్నా నుంచి మొదలుపెట్టి, పుల్ల వదిలేసినా కారు పక్కకు లాగడం ఆగేదాకా కొద్దికొద్దిగా పెంచుకోవాలి.

వీల్‌లో లాజిటెక్ జీ29 లాంటివి 900 డిగ్రీలు తిరుగుతాయి. గేమ్‌లో బొమ్మ స్టీరింగ్ 180 డిగ్రీలు తిరిగేసరికి చేతిలోది 450 తిరిగిందంటే ఆ పోర్ట్‌లో లెక్క తప్పినట్టు. డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో డిగ్రీలు తగ్గించి సరిచేసుకోవచ్చు గానీ ప్రతి కారుకూ అది కుదరదు. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌ను (రోడ్డు తీరును వీల్‌లోని మోటార్ చేతికి తెలిపే బలం) డ్రైవర్‌లో 100, గేమ్‌లో 100 పెట్టేవాళ్లున్నారు. అప్పుడు మోటార్ పూర్తి బలం దగ్గరే ఆగిపోయి, టైరు జారుతున్న కబురు చేతికి తెలియదు. గేమ్‌లో 60 దగ్గర మొదలుపెట్టి చూడండి. వీల్ ఒక కంపెనీది, పెడల్స్ ఇంకో కంపెనీవి, హ్యాండ్‌బ్రేక్ మరో యూఎస్‌బీకి తగిలించినదైతే అసలు పరీక్ష మొదలవుతుంది. కన్సోల్‌లో అన్నీ వీల్ వెనకే తగిలిస్తారు కాబట్టి చాలా పోర్ట్‌లు ఒక్క పరికరాన్నే చూస్తాయి. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో కొన్నవాళ్లు, ఒక్కసారి తిప్పితే రెండుసార్లు తిరిగినట్టు అనిపిస్తే ఆ గేమ్‌కు స్టీమ్ ఇన్‌పుట్ అనే సెట్టింగ్ ఆపేయాలి. కీబోర్డుతో ఆడేవాళ్లకు ఒక్క మాట: యాక్సిలరేటర్, ఎడమ, నైట్రో మూడూ కలిపి నొక్కితే కారు తిరగకపోవడానికి పోర్ట్ కారణం కాకపోవచ్చు. చవక కీబోర్డుల్లో కొన్ని మూడో మీట ఒత్తినా అందుకోవు.

ఆన్‌లైన్ కట్టుబాట్ల గురించి ఒక్క ఉదాహరణ చాలు. 2014లో వచ్చిన ‘ద క్రూ’ ఒంటరిగా ఆడినా సర్వర్ కావాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, కొన్నవాళ్ల దగ్గర గేమ్ ఉన్నా లేనట్టే. లైసెన్సుల గడువు తీరి 2024 డిసెంబరులో అమ్మకం నుంచి తప్పించిన ‘ఫోర్జా హొరైజన్ 4’ది వేరే కథ. కొన్నవాళ్లు ఇప్పటికీ దించుకుని ఆడుకోవచ్చు.

కొన్నాక కూడా చేతిలో కొంత గడువుంటుంది. స్టీమ్‌లో 14 రోజుల లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. షేడర్ల వంట సమయం కూడా ఆ 2 గంటల్లోనే లెక్కపడుతుంది, కాబట్టి కార్లకు రంగులేసుకుంటూ కూర్చోకండి. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్, దాంతో వచ్చే రివాట్యూనర్ వేసుకుని ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేముకు పట్టే సమయం) గీత తెర మీద కనబడేలా పెట్టండి. 60 ఫ్రేములకు ఆ గీత 16.7 మిల్లీసెకన్ల దగ్గర చదునుగా సాగాలి, ముళ్లు లేవకూడదు. గేమ్‌లోనే ఉండే బెంచ్‌మార్క్ అనే వేగ పరీక్షను నమ్ముకోవద్దు. రాత్రి, వర్షం, వీలైనన్ని ఎక్కువ కార్లు, అన్నింటి వెనకనుంచి స్టార్ట్, మొదటి మలుపు: ఇంతకంటే కఠినమైన చోటు ఉండదు. అక్కడ కార్డు వాడకం 99 శాతం ఉండి ఫ్రేములు పడితే ముందు రిఫ్లెక్షన్లు, తర్వాత నీడలు, ఆ తర్వాత వెనక అద్దం నాణ్యత తగ్గించండి. వెనక అద్దమంటే గేమ్ మరో దృశ్యం గీయడమే కదా. కార్డు 60 శాతమే పనిచేస్తూ కుదుపులు వస్తుంటే సెట్టింగ్స్ ఎంత దించినా పెద్దగా లాభం లేదు. అడ్డు ప్రాసెసర్ దగ్గరో పోర్ట్ దగ్గరో ఉంది, డబ్బు వెనక్కి అడగండి. ఏప్రిల్, మే ఎండల్లో ల్యాప్‌టాప్ మీద పరీక్షించేవాళ్లు ఇంకోటి గమనించాలి. మొదటి పది నిమిషాలు 60 వచ్చి తర్వాత 45కి జారితే అది వేడికి చిప్ తగ్గించుకున్న వేగం. ఫ్రేములను 60కి కట్టేసి, ల్యాప్‌టాప్ వెనక భాగం కాస్త ఎత్తుగా పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

మీరు గేమ్ పరిచయం వేసినప్పుడు చివర చిన్న పెట్టె కట్టి అందులో ఇవి వేయమని మనవి: ఏ కార్డు, ఎంత ర్యామ్ మీద చూశారు, వర్షం రేసులో తక్కువలో తక్కువ ఎన్ని ఫ్రేములు వచ్చాయి, ఏ వీల్ పనిచేసింది, నెట్ లేకపోతే తెరుచుకుంటుందా, డిస్కులో ఎంత చోటు కావాలి. ఆఖరిదాన్ని చిన్నచూపు చూడకండి. ఫోర్జా హొరైజన్ 5కు 110 జీబీ ఖాళీ ఉండాలని స్టీమ్ పేజీ చెబుతోంది. అంతా ఫోన్‌లోని రోజుకు 2 జీబీ ప్యాక్ మీద దించాలంటే 55 రోజులు, ఆలోగా సెలవులు అయిపోతాయి.

ఇట్లు,
ఒక పీసీ గేమర్,
సికింద్రాబాద్